మూడు గంటలను నాలుగు చేయకండి: యూరప్ రవాణా మంత్రులకు ఒక తెలుగు ప్రయాణికుడి బహిరంగ లేఖ

యూరోపియన్ యూనియన్ సభ్యదేశాల రవాణా మంత్రులకు, యూరోపియన్ కమిషన్ రవాణా కమిషనర్ గారికి, యూరోపియన్ పార్లమెంటు రవాణా, పర్యాటక కమిటీ సభ్యులకు నమస్కారం.

పదకొండేళ్లుగా జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిని నేను. గిడ్డంగుల్లో సరుకు పెట్టెలను మోసుకెళ్లే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ అమర్చి, అవి సరిగా నడుస్తున్నాయో లేదో దగ్గరుండి చూసి రావడం నా పని. ఆ పని మీద ఏడాదికి డెబ్బై ఎనభై సార్లు విమానం ఎక్కుతాను. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణాలే వాటిలో ఎక్కువ.

మీ యూనియన్‌కు అధికార భాషలు 24. వాటిలో తెలుగు లేదని నాకు తెలుసు. అందుకే ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయాలకు విడిగా పంపాను. ఇక్కడ తెలుగులో రాయడానికి కారణం వేరు. మ్యూనిక్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో డబ్లిన్‌లోనో ఉద్యోగం చేస్తూ, ప్రతి సోమవారం చీకటితోనే లేచి విమానాశ్రయానికి పరుగెత్తే తెలుగువాళ్లు చాలామంది తమకు చట్టం ఇచ్చిన హక్కేమిటో తెలియక ఊరుకుంటున్నారు. ఆ హక్కును మీరు ఇప్పుడు తగ్గించబోతున్నారన్న సంగతి వాళ్లకు అసలే తెలియదు. మీకు విన్నపం, వాళ్లకు సమాచారం, రెండూ ఒకే లేఖలో పెడుతున్నాను.

విషయానికి వస్తాను. విమాన ప్రయాణికుల హక్కులకు సంబంధించిన 261/2004 నిబంధన 2005 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో ఉంది. విమానం రద్దయితే, దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోల పరిహారం అందులో ఉంది. ఆలస్యానికి పరిహారం సంగతి మాత్రం స్పష్టంగా లేదు. ఆ లోటును యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2009 నవంబరు 19న పూరించింది. విమానం రద్దయినవాడు పోగొట్టుకునేదీ, మూడు గంటలు ఆలస్యంగా దిగినవాడు పోగొట్టుకునేదీ ఒకటే, అది సమయం, కాబట్టి ఇద్దరినీ సమానంగా చూడాలని చెప్పింది. పదిహేనేళ్లకు పైగా ఈ మూడు గంటల గీతే మాకు అండగా ఉంది. 2025 జూన్ 5న మంత్రుల మండలి ఆమోదించిన వైఖరి ప్రకారం ఆ గీత యూనియన్ లోపలి ప్రయాణాలకూ, 3,500 కిలోమీటర్ల లోపు ప్రయాణాలకూ నాలుగు గంటలకు, అంతకు మించిన దూరాలకు ఆరు గంటలకు జరగాలి. మొత్తాలు 300, 500 యూరోలు కావాలి. మూడు గంటలే ఉండాలని పట్టుబట్టిన పార్లమెంటు సభ్యులకు ఈ సందర్భంగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

ఈ లేఖ రాయడానికి నన్ను పురికొల్పిన సంఘటన చిన్నది. దాని పేచీ అంతా పన్నెండు నిమిషాల్లోనే ఉంది.

ఒక మంగళవారం ఉదయం 8:35కు నేను ఒక ఉత్తరాది నగరంలో దిగాలి. పదింటికి కర్మాగారంలో కొత్త యంత్రాన్ని మొదటిసారి నడిపి చూడాలి. దాని కోసం ఆ కర్మాగారంవాళ్లు ఒక షిఫ్టు మొత్తం ఆపి, పద్నాలుగు మంది కార్మికులను కూర్చోబెట్టారు. మా విమానం అరగంట ఆలస్యమన్నారు. తర్వాత మరో అరగంటన్నారు. అలా ఆరు సార్లు చెప్పారు. చివరికి 11:31కి చక్రాలు నేలను తాకాయి. విమానాన్ని టెర్మినల్‌కు దూరంగా నిలిపారు, మెట్లబండి రాలేదు. తలుపు తెరుచుకునేసరికి 11:43 అయింది. నేను నా ఫోనులో గడియారం కనబడేలా ఫొటో తీసుకున్నాను. కర్మాగారం చేరేసరికి ఒంటిగంట. రెండు గంటలకు షిఫ్టు అయిపోయింది. యంత్రం నడవలేదు. మళ్లీ ఇంకో రోజు, ఇంకో టికెట్, ఇంకో పద్నాలుగు మంది.

విమానయాన సంస్థకు దరఖాస్తు పెడితే, విమానం 11:31కి దిగింది కాబట్టి ఆలస్యం 2 గంటల 56 నిమిషాలేనని, పరిహారం వర్తించదని జవాబు వచ్చింది. రాక సమయమంటే చక్రాలు నేలను తాకిన క్షణం కాదని, ప్రయాణికులు దిగడానికి వీలుగా కనీసం ఒక తలుపు తెరుచుకున్న క్షణమని యూరోపియన్ న్యాయస్థానం 2014 సెప్టెంబరు 4నే తేల్చింది. ఆ లెక్కన ఆలస్యం 3 గంటల 8 నిమిషాలు. తీర్పు వివరాలు జతచేసి మళ్లీ రాశాను. మొదటి జవాబే అక్షరం మారకుండా రెండోసారి వచ్చింది. మూడోసారీ వచ్చింది. పర్యవేక్షక అధికారులకు ఫిర్యాదు చేస్తే, వ్యక్తిగత పరిహారాలు ఇప్పించడం తమ పని కాదన్నారు. ఇప్పించి పెడతామనే ప్రైవేటు ఏజెన్సీలు వచ్చే డబ్బులో పెద్ద వాటా అడుగుతున్నాయి. పద్నాలుగు నెలలు గడిచాయి. మీ కొత్త ప్రతిపాదన అమలైతే ఈ పేచీ ఇక ఉండదు. 2 గంటల 56 నిమిషాలకూ ఏమీ రాదు, 3 గంటల 8 నిమిషాలకూ ఏమీ రాదు.

నా 250 యూరోల కోసం ఇంత పొడుగు లేఖ రాయడం లేదు. ఉద్యోగరీత్యా తరచూ విమానం ఎక్కేవాళ్లు రోజూ ఎదుర్కొంటున్న ఇబ్బందులు ఇవి. దయచేసి చదవండి.

1. మేమెవరమన్న విషయంలోనే పొరపాటు ఉంది. ఉద్యోగ ప్రయాణికులంటే లాంజ్‌లో కూర్చుని వైన్ తాగే పెద్దలని చాలామంది అనుకుంటారు. అసలు యూరప్ లోపల నడిచే బిజినెస్ క్లాస్ అంటే చాలా విమానాల్లో అదే సీటు, అదే ఇరుకు, మధ్య సీటు మాత్రం ఖాళీ. మాకు అదీ ఉండదు. ఆగిపోయిన లిఫ్టును బాగుచేసే మెకానిక్కు, ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాన్ని సరిచేసే ఇంజనీరు, చిన్న కంపెనీ సరుకును చూపించి ఆర్డరు తెచ్చుకునే అమ్మకాల ఉద్యోగి, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు, ఇరవై ఏడో వరుసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది వీళ్లే. సెలవుల ప్రయాణంలో మూడు గంటలు పోతే ఆ రోజు సముద్రపుటొడ్డున గడిపే సమయం కొంత తగ్గుతుంది. ఒక్క రోజులో వెళ్లి రావలసిన మనిషికి మూడు గంటలు పోతే ఆ రోజే పోయినట్టు. ఉదయం ఎనిమిదిన్నరకు చేరవలసినవాడు పన్నెండుంబావుకు చేరినా, నాలుగు గంటలు నిండలేదు కాబట్టి ఏ నష్టమూ జరగలేదని రేపటి చట్టం అంటుంది. ఆ నష్టం మా ఒక్కరితోనూ ఆగదు. లిఫ్టు మరో రోజు ఆగి ఉంటుంది, స్కానింగ్ వాయిదా పడుతుంది, పద్నాలుగు మంది కార్మికులు గోడకు ఆనుకుని కూర్చుంటారు.

గడువు పెంచితే విమానాలు రద్దు చేసే బదులు ప్రత్యామ్నాయ విమానం తెప్పించి నడపడానికి వీలవుతుందని విమానయాన సంస్థలు అంటున్నాయి. వినడానికి సబబుగానే ఉంది. మరి ఆ అదనపు గంట ఇస్తే ఇన్ని విమానాలను, ఇంతమంది సిబ్బందిని సిద్ధంగా ఉంచుతామని ఏ సంస్థా రాసి ఇవ్వడం లేదు. మా వైపు నుంచి తీసుకునేది చట్టంలో అంకెగా ఉంది, మాకు ఇస్తామన్నది మాటగానే ఉంది.

2. ఆలస్యాన్ని అరగంట చొప్పున చెప్పడం. ఇది ఆలస్యం కన్నా ఎక్కువ బాధపెడుతుంది. యూరప్ గగనతలంలో రద్దీ ఉన్నప్పుడు ఏ విమానం ఎప్పుడు లేవాలో బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్ నెట్‌వర్క్ మేనేజర్ సమయం కేటాయిస్తుంది. ఆ సమయానికి ఐదు నిమిషాలు ముందు నుంచి పది నిమిషాలు తర్వాత వరకు మాత్రమే విమానం లేవడానికి వీలుంటుంది. స్లాటు అనే ఈ కేటాయింపు సమయం రెండు గంటల తర్వాత వచ్చిందంటే ఆ సంగతి పైలట్‌కు తెలుసు, సంస్థకు తెలుసు. గేటు దగ్గర నిలబడ్డ నూట ఎనభై మందికి మాత్రం తెరమీద అరగంట అనే కనిపిస్తుంది. స్లాటు ముందుకు రావచ్చు కాబట్టి ప్రయాణికులు గేటు వదిలి వెళ్లకూడదన్నది వాళ్ల వాదన. నిజమే, కొన్నిసార్లు ముందుకు వస్తుంది. అయినా రెండు గంటలని మొదటే చెబితే రైలు ఎక్కాలా, సమావేశాన్ని ఫోనులో ముగించాలా, ఇంటికి పోవాలా అన్న నిర్ణయం నాది అవుతుంది. చిన్న ముక్కలుగా చెబితే ఆ నిర్ణయాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నట్టే. అవతల నాకోసం ఎదురుచూసేవాళ్లకు నేను ఆరుసార్లు అబద్ధం చెప్పినవాడినయ్యాను.

మీరు వీడియో కాల్‌తో ఎందుకు సరిపెట్టుకోరని కొందరు అడుగుతారు. సరిపెట్టుకోగలిగినవన్నీ 2020 నుంచి అలాగే చేస్తున్నాం. మిగిలినవి యంత్రాన్ని చేత్తో ముట్టుకోవలసిన పనులు. రైలుంటే రైలే ఎక్కుతాం. జర్మనీ రైళ్ల సమయపాలన గురించి ఇక్కడ ఎత్తుకుంటే ఇది రెండు లేఖలవుతుంది.

3. కారణం చెప్పకపోవడం. అసాధారణ పరిస్థితుల వల్ల ఆలస్యమైతే పరిహారం ఇవ్వనక్కర్లేదని నిబంధనలో ఉంది. పిడుగులకూ మంచుతుఫానుకూ సంస్థను తప్పుపట్టేవాడు మాలో ఎవడూ లేడు. భద్రత కోసం పైలట్ ఆగితే ఆ పైలట్‌కు దండం పెడతాం. అయితే సాధారణ సాంకేతిక లోపం అసాధారణం కాదని 2008 డిసెంబరులో, సొంత సిబ్బంది జీతాల కోసం చేసిన సమ్మె అసాధారణం కాదని 2021 మార్చిలో న్యాయస్థానం చెప్పింది. ఆ తర్వాత కూడా మాకు వచ్చే ఉత్తరాల్లో 'నిర్వహణ కారణాలు' అన్న రెండే మాటలుంటాయి. ఏ నిర్వహణో, ఏ కారణమో తెలుసుకోవాలంటే కోర్టుకు వెళ్లాలి. ఇంకొక సంగతి తెలుగు పాఠకుల కోసం చెబుతున్నాను. కారణం ఎంత అసాధారణమైనా తిండి, రాత్రి బస ఏర్పాటు చేసే బాధ్యత సంస్థకు పోదు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద ఆకాశాన్ని మూసేసినప్పుడు కూడా ఆ బాధ్యత ఉన్నదేనని 2013 జనవరి 31న తీర్పు వచ్చింది. కాబట్టి రాత్రి కుర్చీల్లో పడుకోమని ఎవరైనా చెబితే నమ్మకండి. హోటలు రసీదు దాచుకోండి.

4. సమ్మెలు, మూసిన ఆకాశం. సమ్మె చేసే హక్కును నేను ప్రశ్నించను. కార్మిక సంఘాల పోరాటాల వల్లే మా నాన్నకు పింఛను వచ్చింది. కానీ 2025 జులై 3, 4 తేదీల్లో ఫ్రాన్స్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మె చేసినప్పుడు ఫ్రాన్స్‌లో దిగని విమానాలు కూడా ఆగిపోయాయి. స్పెయిన్ నుంచి జర్మనీకి వెళ్లేవాడికి ఆ దేశంతో పని లేదు, దాని మీదుగా పోవాలి, అంతే. అదే ఏడాది మార్చి 10న జర్మనీలో 13 విమానాశ్రయాల్లో ఒకేరోజు సమ్మె జరిగింది. హాంబర్గ్‌లో అయితే ముందు రోజు ఆదివారమే చెప్పాపెట్టకుండా మొదలైంది. ఇటలీ దీనికి ఒక మధ్యేమార్గం ఎప్పుడో కనిపెట్టింది. అక్కడ సమ్మె ఉన్నరోజు కూడా ఉదయం 7 నుంచి 10 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు విమానాలు నడవాలి. సమ్మె సమ్మెగానే ఉంటుంది, సాయంత్రానికి మనిషి ఇల్లు చేరతాడు. మిగిలిన దేశాలు దీన్ని ఎందుకు అనుసరించవో నాకు అర్థం కాదు. ఏకీకృత యూరప్ గగనతలం గురించి పాతికేళ్లుగా మీరు చర్చిస్తూనే ఉన్నారు. రోడ్డు మీద సరిహద్దు దాటడానికి బండి ఆపనక్కర్లేని రోజులు చూశాం, ఆకాశంలో మాత్రం దేశానికో కంచె ఇంకా అలాగే ఉంది.

5. డబ్బు కట్టిన సీటును లాక్కోవడం. రానూపోనూ టికెట్ కొన్న మనిషి, పోయే విమానం ఎక్కకపోతే, వచ్చే విమానంలో అతని సీటు రద్దవుతుంది. మా వృత్తిలో ఇది పదేపదే జరుగుతుంది. పని ఒకరోజు ముందుకు జరిగితే రైల్లో వెళ్తాం, తిరుగు విమానం టికెట్ చేతిలోనే ఉంటుంది, గేటు దగ్గరికి వెళ్తే ఆ టికెట్ లేదంటారు. అప్పటికప్పుడు కొత్తది కొనాలంటే మూడింతలు. బజారులో జత చెప్పులు కొని ఒకటే తొడుక్కుంటే, రెండోది దుకాణంవాడు వచ్చి పట్టుకుపోతాడా?

6. సెక్యూరిటీ చెక్‌లో ఊరికో న్యాయం. బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర ఒకటి బయటపడిన తర్వాత, చేతి సామానులో ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం 2006 నవంబరులో వచ్చింది. కొత్త స్కానర్లు వచ్చాక కొన్నిచోట్ల దాన్ని ఎత్తేశారు. 2024 సెప్టెంబరు 1న మళ్లీ తెచ్చారు. 2025 జులైలో ఒక రకం స్కానరుకు అనుమతి రావడంతో కొన్ని విమానాశ్రయాల్లో రెండు లీటర్ల దాకా సీసాలు పోనిస్తున్నారు, పక్క నగరంలో పోనివ్వరు. ఒకచోట ల్యాప్‌టాప్ బయటికి తీయమంటారు, తీస్తే మరోచోట ఎందుకు తీశావని విసుక్కుంటారు. వెళ్లేటప్పుడు అనుమతించిన సీసాను వచ్చేటప్పుడు చెత్తబుట్టలో వేయించుకున్నవాళ్లం ఎందరమో. మా అమ్మ గుంటూరు నుంచి పంపిన గోంగూర పచ్చడిని కూడా ఒకసారి ఇలాగే పోగొట్టుకున్నాను. అది ద్రవమా ఘనమా అన్న చర్చలో ఓడిపోయింది నేనే.

చేతి సామాను సంగతీ అంతే. పరిమాణం, బరువు సమంజసంగా ఉంటే చేతి సామానుకు అదనపు ఛార్జీ వేయకూడదని 2014 సెప్టెంబరు 18 నాటి తీర్పు చెబుతోంది. ఏది సమంజసమో మాత్రం ఒక్కో సంస్థ ఒక్కో టేపుతో కొలుస్తోంది. స్పెయిన్ ప్రభుత్వం 2024 నవంబరులో ఐదు చౌకధరల సంస్థలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసిందంటే ఇది ప్రయాణికుల గొణుగుడు మాత్రమే కాదని మీకే తెలుసు.

7. వీసా మీద వచ్చేవాళ్లు. ఇది మీ లెక్కల్లో ఎక్కడా కనబడని కష్టం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. హైదరాబాదు నుంచి రెండు వారాల పనికి ఒక ఉద్యోగి వస్తాడు. ఒకే ప్రవేశానికి చెల్లే షెంగెన్ వీసా. 2024 జూన్ నుంచి దాని రుసుము 90 యూరోలు. తిరుగు ప్రయాణంలో మొదటి విమానం ఆలస్యమై, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఎక్కవలసిన రెండో విమానం తప్పిపోయిందనుకోండి. లండన్ మీదుగా పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాడికి చాలా సందర్భాల్లో అక్కడ దిగి మారడానికే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. ఆ సంగతి టికెట్ మార్చే యంత్రానికి తెలియదు, కౌంటరులోని అమ్మాయికీ చాలాసార్లు తెలియదు. రేపటి దాకా ఆగమంటే, అప్పటికే సరిహద్దులో నిష్క్రమణ నమోదైపోయి ఉంటే, అతను హోటలుకు వెళ్లడానికి మళ్లీ లోపలికి రాలేడు. వీసా గడువు అర్ధరాత్రితో ముగుస్తుంటే మరీ ఘోరం. తన చేతిలో లేని కారణాలతో ఆగిపోయినవారికి వీసాను రుసుము లేకుండా పొడిగించే వీలు మీ వీసా నియమావళి 33వ అధికరణంలో ఉంది. రాత్రి పదకొండింటికి ఆ దరఖాస్తు ఎవరి చేతిలో పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. ఒక్క రోజు ఎక్కువ ఉన్నా ఆ మచ్చ తర్వాతి వీసా దరఖాస్తులో కనబడుతుంది. రెండు వీసాలను సక్రమంగా వాడిన భారతీయులకు రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా ఇచ్చే ఏర్పాటు 2024 ఏప్రిల్‌లో చేశారు. మంచి నిర్ణయం. దాన్ని ఒక ఆలస్యమైన విమానం చెడగొట్టకూడదు.

సరిహద్దు క్యూలది మరో తంతు. 2025 అక్టోబరు 12న మొదలై 2026 ఏప్రిల్ 10 నాటికి పూర్తిస్థాయికి చేరవలసిన ప్రవేశ, నిష్క్రమణ నమోదు వ్యవస్థలో తక్కువ రోజుల బసకు వచ్చే యూనియన్ బయటి దేశాలవారి ముఖం నమోదు చేయాలి. అందుకు పట్టే సమయం కనెక్టింగ్ విమానానికి ఇచ్చే వ్యవధిలో ఎవరూ కలపలేదు. విమానాశ్రయం పోలీసులను చూపిస్తుంది, పోలీసులు విమానయాన సంస్థను చూపిస్తారు. సెక్యూరిటీ తనిఖీ క్యూలో చిక్కుకుని, సకాలంలో వచ్చినా విమానం తప్పిన ప్రయాణికులకు ప్రభుత్వమే డబ్బు చెల్లించాలని 2022 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ప్రాంతీయ ఉన్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. సరిహద్దు క్యూకూ అదే న్యాయం ఎందుకు వర్తించకూడదు?

ఈ నేపథ్యంలో మా డిమాండ్లు ఇవి.

1. మూడు గంటల గీతను కదిలించకండి. హైదరాబాదు వంటి దూరాలకు ఆరు గంటలన్న ప్రతిపాదనను పూర్తిగా విరమించుకోండి. యూరప్ నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానానికైనా, హైదరాబాదు నుంచి యూరప్‌కు వచ్చే యూరప్ సంస్థ విమానానికైనా ఈ హక్కు వర్తిస్తుంది. ఒకే బుకింగ్ అయితే ఇక్కడి నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే ప్రయాణానికీ వర్తిస్తుంది. నడివయసు దాటిన తల్లిదండ్రులు ఆ విమానాల్లోనే వచ్చిపోతుంటారు. వాళ్లను ఐదున్నర గంటలు కూర్చోబెట్టి క్షమాపణతో సరిపెట్టడం న్యాయం కాదు.

2. 250 యూరోలన్న అంకె 2004లో రాసింది. అప్పటి నుంచి టికెట్ల ధరలు, హోటలు గదులు, విమానాశ్రయంలో అమ్మే సాండ్‌విచ్ అన్నీ పెరిగాయి. ఆ అంకె ఒక్కటే పెరగలేదు. ధరల సూచీతో దాన్ని ముడిపెట్టండి.

3. పరిహారాన్ని అడగకుండానే చెల్లించేలా చేయండి. విమానంలో ఎవరున్నారో సంస్థకు తెలుసు. డబ్బు ఏ కార్డు నుంచి వచ్చిందో తెలుసు. తలుపు ఎప్పుడు తెరుచుకుందో చాలా విమానాల్లో యంత్రమే నమోదు చేస్తుంది. ఇన్ని తెలిసి కూడా ప్రయాణికుడే రుజువులు పట్టుకుని తిరగాలనడంలో అర్థం ఒక్కటే, చాలామంది విసిగి ఊరుకుంటారన్న ధీమా. గడువు కూడా జర్మనీలో మూడేళ్లు, ఫ్రాన్స్‌లో ఐదేళ్లు అంటూ దేశానికో రకంగా ఉంది. దాన్ని ఒకటి చేయండి. టికెట్ కంపెనీ కొన్నా పరిహారం ప్రయాణించిన మనిషిదేనన్న మాటను నిబంధనలో పెద్ద అక్షరాలతో రాయండి. ఉద్యోగులు చాలామంది అది యజమానిదనుకుని అడగడమే మానేస్తున్నారు.

4. స్లాటు సమయాన్ని, ఆలస్యానికి అసలు కారణాన్ని సంస్థకు తెలిసిన పావుగంటలోపు ప్రయాణికుల ఫోనుకు పంపడం తప్పనిసరి చేయండి. ఆ తర్వాత కారణం మారిస్తే, మార్చినవాళ్లే రుజువు చూపాలి.

5. పోయే విమానం ఎక్కలేదని వచ్చే సీటు రద్దుచేసే షరతును చెల్లనిదిగా ప్రకటించండి.

6. సమ్మె రోజుల్లో ఇటలీలోలా ఉదయం, సాయంత్రం రక్షిత వేళలు, ఇతర దేశాల మీదుగా పోయే విమానాలకు కనీస సేవలు ఉండేలా కార్మిక సంఘాలతోనే కూర్చుని ఒప్పందం చేసుకోండి. వాళ్లను పక్కన పెట్టి చేసే చట్టం ఇంకో సమ్మెకు దారితీస్తుంది తప్ప మాకు ఉపయోగపడదు.

7. విమానం రద్దయిన ధ్రువపత్రం చూపిస్తే విమానాశ్రయంలోని సరిహద్దు పోలీసులే అక్కడికక్కడ వీసా పొడిగించే అధికారం ఇవ్వండి. ట్రాన్సిట్ వీసా అవసరమయ్యే దారిలో టికెట్ మార్చే ముందు ఆ ప్రయాణికుడి పాస్‌పోర్టు ఏ దేశానిదో చూడడం సంస్థల బాధ్యత అని స్పష్టం చేయండి.

8. ఏ విమానాశ్రయంలో ఎన్ని మిల్లీలీటర్లు, ఏ కొలత బ్యాగు అన్నది రానూపోనూ రెండు చోట్లకూ కలిపి బోర్డింగ్ పాస్ మీదే ముద్రించాలి. నియమాలను ఒకటి చేయలేకపోతే కనీసం ముందుగా చెప్పండి.

ఇదే పరిస్థితిని ఎదుర్కొన్న తెలుగువారు బోర్డింగ్ పాసులు పారేయవద్దని, తలుపు తెరుచుకున్న క్షణాన ఒక ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకోమని, తాము ఉండే దేశపు పార్లమెంటు సభ్యులకు ఈ డిమాండ్లు పంపమని కోరుతున్నాను. మంత్రులు, కమిషనర్ గారు, సభ్యులు ఏ భాషలో జవాబిచ్చినా చదివించుకుంటాను. 'మీ సందేశం అందింది, ఈ చిరునామాకు తిరిగి రాయవద్దు' అన్న జవాబులు మాత్రం విమానయాన సంస్థ దగ్గర నుంచి వచ్చినవే నా వద్ద మూడున్నాయి.

భవదీయుడు,
వచ్చే మంగళవారం ఉదయం 6:40 విమానానికి టికెట్ ఉన్న ఒక తెలుగు ప్రయాణికుడు